ఒకే బీమ్.. మూడు లెక్కలు.. మూడు జవాబులు! పిల్లర్ లేని చోట పైఅంతస్తుల బరువు ఎలా దిగుతుంది? డీప్ బీమ్ కథేంటి?

కింద కార్లు తిరగాలి. పైన ఫ్లాట్లు రావాలి. పార్కింగ్ మధ్యలో పిల్లర్ అడ్డమొస్తోంది. ఏం చేద్దాం? సింపుల్.. ఆ పిల్లర్‌ని కింద తీసేసి, మొదటి అంతస్తు దగ్గర ఓ పెద్ద బీమ్ వేసి, పై పిల్లర్‌ని దాని మీద నిలబెట్టేద్దాం!

సిటీల్లో కట్టే చాలా బిల్డింగుల డ్రాయింగుల్లో ఇప్పుడు కనిపించే ఐడియా ఇది. కింద షోరూమ్, పైన ఆఫీసులు. కింద ఫంక్షన్ హాల్, పైన గదులు. చూడ్డానికి తేలికగానే ఉంది. కానీ ఐదారు అంతస్తుల బరువు ఒక్క పిల్లర్ ద్వారా వచ్చి ఆ బీమ్ నడుం మీద పడుతుంది. అది నిలబడుతుందా లేదా అన్నది చెప్పాల్సింది లెక్క. విచిత్రం ఏంటంటే.. ఆ లెక్క ఎలా వేశామన్న దాన్ని బట్టి ఒకే బీమ్‌కి 42 టన్నులు అని రావచ్చు, 123 టన్నులు అని రావచ్చు, 170 టన్నులు అని కూడా రావచ్చు.

అలా ఎందుకొస్తుంది? ఏది నమ్మాలి? తప్పు లెక్క వేస్తే ఏమవుతుంది? పూర్తి వివరాలు చూద్దాం.

అసలేంటీ డీప్ బీమ్?

పేరులోనే ఉంది. పొడవుతో పోలిస్తే లోతు బాగా ఎక్కువగా ఉండే బీమ్. మామూలు ఇంట్లో 4 మీటర్ల గదికి వేసే బీమ్ లోతు అడుగు, అడుగున్నర ఉంటుంది. అదే 4 మీటర్ల దూరానికి 2 మీటర్లకు పైగా లోతున్న బీమ్ వేస్తే అది బీమ్‌లా కాదు, గోడలా కనిపిస్తుంది. అదే డీప్ బీమ్.

మన దేశంలో కాంక్రీట్ పనులకు ఆధారమైన కోడ్ ఐఎస్ 456. 2000లో వచ్చిన ఈ కోడ్‌లో క్లాజ్ 29 డీప్ బీమ్‌ల గురించే చెబుతుంది. దాని ప్రకారం రెండు చివర్లా ఆనుకుని ఉన్న బీమ్‌కి స్పాన్‌ని లోతుతో భాగిస్తే 2 కంటే తక్కువ రావాలి. వరసగా చాలా పిల్లర్ల మీదుగా సాగిపోయే బీమ్ అయితే 2.5 కంటే తక్కువ. అమెరికా కోడ్ ఏసీఐ 318 గీత ఇంకాస్త దూరంగా గీసింది. పిల్లర్ల మధ్య ఖాళీ దూరం లోతుకు 4 రెట్లు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే దాన్ని డీప్ బీమ్‌గానే చూడాలంటుంది. బరువు సపోర్ట్‌కి మరీ దగ్గరగా, అంటే లోతుకు రెండింతల దూరం లోపే పడినా ఇదే రూల్.

బిల్డింగుల్లోనే కాదు, మనం రోజూ చూసే వాటిల్లో ఇలాంటివి బోలెడు. మెట్రో పిల్లర్ మీద రెండు వైపులా చేతులు చాచినట్టు ఉండే పియర్ క్యాప్, ఫ్లైఓవర్ పునాదుల్లో పైల్స్ మీద వేసే పైల్ క్యాప్, ఫ్యాక్టరీల్లో క్రేన్ పట్టాల కోసం పిల్లర్ నుంచి బయటికి తీసే కార్బెల్.. ఇవన్నీ డీప్ బీమ్‌కి చుట్టాలే. పేర్లు వేరు, లోపల జరిగేది దాదాపు ఒకటే.

షియర్ అంటే ఏంటి? దానికెందుకంత భయం?

బీమ్ రెండు రకాలుగా దెబ్బతింటుంది. ఒకటి వంగి. బరువు ఎక్కువైతే బీమ్ మధ్యలో కిందికి జారుతుంది, అడుగున నిలువు పగుళ్లు వస్తాయి, లోపలి స్టీల్ సాగుతుంది. ఇది కాస్త టైమ్ ఇస్తుంది. పగుళ్లు కనిపిస్తాయి, స్లాబ్ కుంగినట్టు తెలుస్తుంది. జనం బయటికి వచ్చేయొచ్చు.

రెండోది షియర్. తెలుగులో కోత బలం అనుకోవచ్చు. సపోర్ట్ పైకి నెడుతుంటే, బరువు కిందికి నెడుతుంటే, ఆ రెండింటి మధ్య ఉన్న కాంక్రీట్ ఏటవాలుగా చీలుతుంది. ఈ పగులు చాలాసార్లు ముందుగా చెప్పి రాదు. వచ్చాక కూడా ఎక్కువ టైమ్ ఇవ్వదు. అందుకే ఇంజనీర్లు బీమ్ ఒకవేళ ఫెయిల్ అయితే వంగే ఫెయిల్ అవ్వాలి, షియర్‌లో మాత్రం అవ్వకూడదు అన్న పద్ధతిలో డిజైన్ చేస్తారు.

డీప్ బీమ్‌లో సమస్య ఏంటంటే.. అది వంగేంత పొడవే ఉండదు. దాని జాతకం మొత్తం షియర్ చేతిలోనే ఉంటుంది.

మామూలు లెక్క ఇక్కడ ఎందుకు పనికిరాదు?

ఇంజనీరింగ్ కాలేజీలో బీమ్ గురించి మొదట చెప్పే పాఠం ఒకటుంది. వంగకముందు నిటారుగా ఉన్న సెక్షన్, వంగిన తర్వాత కూడా నిటారుగానే ఉంటుందని. సన్నగా పొడుగ్గా ఉండే బీమ్‌కి ఇది బాగానే సరిపోతుంది. మన ఇళ్లలో బీమ్‌ల లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి.

కానీ బరువు పడిన చోటు, సపోర్ట్ ఉన్న చోటు, సైజ్ ఒక్కసారిగా మారిన చోటు.. ఇలాంటి చోట్ల ఒత్తిడి చెల్లాచెదురుగా ఉంటుంది. ఆ చెదిరిన ప్రాంతం దాదాపు బీమ్ లోతు ఎంత ఉంటే అంత దూరం వరకు సాగుతుంది. పొడుగు బీమ్‌లో ఇది చివర్లలో కొద్ది భాగమే. డీప్ బీమ్‌లో మాత్రం అటు చెదిరిన భాగం, ఇటు చెదిరిన భాగం కలిసిపోయి మొత్తం బీమ్‌ని మింగేస్తాయి. ఇక మామూలు పాఠం పనిచేసే చోటే మిగలదు.

1960ల్లో కెనడాలోని టొరంటో యూనివర్సిటీలో గాస్పర్ కానీ అనే ప్రొఫెసర్ వరసపెట్టి బీమ్‌లను విరగ్గొట్టి చూశారు. బరువుకి, సపోర్ట్‌కి మధ్య దూరాన్ని మారుస్తూ వెళ్లారు. ఆ దూరం బీమ్ లోతుకు రెండున్నర రెట్ల దగ్గర ఉన్నప్పుడు బీమ్ అన్నిటికంటే బలహీనంగా తేలింది. అంతకంటే దగ్గరికి జరిపితే బలం మళ్లీ గబగబా పెరిగింది. గ్రాఫ్ గీస్తే లోయలా వచ్చింది. ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని 'కానీ లోయ' అనే పిలుస్తారు. డీప్ బీమ్ ఉండేది ఆ లోయ దాటాక, గట్టు మీద.

ఎందుకా బలం? బరువు వంగుడు ద్వారా కాకుండా, నేరుగా ఏటవాలు దారిలో సపోర్ట్‌కి దిగిపోతుంది కాబట్టి.

పెయింటర్ నిచ్చెనతో అర్థం చేసుకోండి

ఇంటికి రంగులు వేసేవాళ్లు తెచ్చే రెండు కాళ్ల నిచ్చెన చూసే ఉంటారు. పైన కలిసి, కింద విడిపోయి ఉంటుంది. మధ్యలో రెండు కాళ్లనీ కలుపుతూ ఓ తాడు కడతారు. మనిషి పైకెక్కితే బరువు రెండు కాళ్ల గుండా నేలకి దిగుతుంది. కాళ్లు పక్కలకి జారిపోకుండా తాడు బిగపట్టి ఉంచుతుంది.

డీప్ బీమ్ లోపల జరిగేది సరిగ్గా ఇదే. పై పిల్లర్ పడిన చోటు నిచ్చెన కొస. అక్కడి నుంచి రెండు సపోర్టుల దాకా ఏటవాలుగా నొక్కుడు తట్టుకునే కాంక్రీట్ భాగం నిచ్చెన కాళ్లు. వీటిని స్ట్రట్ అంటారు. అడుగున అటు చివర నుంచి ఇటు చివర వరకు పడుకుని ఉన్న స్టీల్ రాడ్లు తాడు. దాన్ని టై అంటారు. ఇవి కలిసే ముడులు నోడ్‌లు. ఈ లెక్క పేరే స్ట్రట్ అండ్ టై మోడల్.

దీని మూలాలు పాతవే. 1899లో రిట్టర్, ఆ తర్వాత మోర్ష్ కాంక్రీట్ బీమ్ లోపల ఒక ట్రస్ ఉన్నట్టు ఊహించి లెక్కలు కట్టారు. 1987లో జర్మనీకి చెందిన ష్లైష్, షేఫర్, యెన్నెవైన్ దీన్ని అన్ని రకాల కాంక్రీట్ భాగాలకూ వాడేలా ఒక పద్ధతిగా రాశారు. 2002లో అమెరికా కోడ్‌లోకి వచ్చింది. మన దగ్గర వంతెనల కోడ్ ఐఆర్‌సీ 112 కూడా దీన్ని అనుమతిస్తుంది.

మరి బిల్డింగులకు వాడే మన ఐఎస్ 456 ఏమంటుంది? డీప్ బీమ్ షియర్‌కి విడిగా ఫార్ములా ఏమీ ఇవ్వలేదు. స్టీల్ ఎంత, ఎక్కడ, ఎలా పెట్టాలో రూల్స్ చెప్పి, వాటిని పాటిస్తే షియర్ షరతు తీరినట్టే అని ఒక్క మాటతో వదిలేసింది. అంటే అసలు అంకె ఎంతో తెలుసుకోవాలంటే ఇంజనీర్ వేరే దారి వెతుక్కోవాల్సిందే.

ఇప్పుడు అసలు లెక్కలోకి వెళ్దాం

ఉదాహరణకి ఒక బీమ్ అనుకుందాం. సపోర్టుల మధ్య దూరం 4 మీటర్లు. లోతు 2.2 మీటర్లు. మందం 400 మిల్లీమీటర్లు. కాంక్రీట్ ఎమ్30, స్టీల్ ఎఫ్ఈ 500. సరిగ్గా మధ్యలో పై పిల్లర్ నుంచి 200 టన్నుల బరువు వస్తోంది. సేఫ్టీ కోసం ఒకటిన్నర రెట్లు చేస్తే 300 టన్నులు. బీమ్ సొంత బరువు ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఒక్కో సపోర్ట్ మీద 150 టన్నులు. పిల్లర్లన్నీ బీమ్ పొడవు వైపు 600 మిల్లీమీటర్లు ఉన్నాయనుకుందాం.

4ని 2.2తో భాగిస్తే 1.82. అంటే 2 కంటే తక్కువ. పక్కా డీప్ బీమ్.

మొదటి లెక్క: మామూలు బీమ్‌లాగే చూస్తే.. ఈ బీమ్‌లో పెట్టే స్టీల్ శాతానికి ఐఎస్ 456 టేబుల్ ప్రకారం కాంక్రీట్ చదరపు మిల్లీమీటర్‌కి అర న్యూటన్ షియర్ మాత్రమే మోస్తుంది. మొత్తం మీద దాదాపు 42 టన్నులు. కావాల్సింది 150. మిగతా 108 టన్నులూ రింగులే మోయాలన్నమాట.

రెండో లెక్క: సపోర్ట్‌కి దగ్గరగా పడిన బరువుకి బలం ఎక్కువ ఉంటుందని ఐఎస్ 456 క్లాజ్ 40.5 కూడా ఒప్పుకుంటుంది. ఆ పెంపు కలిపితే దాదాపు 123 టన్నులు. మొదటి దానికి దాదాపు మూడు రెట్లు!

మూడో లెక్క: నిచ్చెన పద్ధతి. కోడ్ ఫార్ములా ప్రకారం పై నొక్కుడుకి, అడుగు స్టీల్‌కి మధ్య ఎత్తు 1.68 మీటర్లు. సపోర్ట్ నుంచి బరువు దాకా అడ్డ దూరం 2 మీటర్లు. అంటే నిచ్చెన కాలు నేలతో 40 డిగ్రీల కోణంలో ఉంటుంది. దీంతో ఒక్కో స్ట్రట్‌లో 233 టన్నుల నొక్కుడు, అడుగు స్టీల్‌లో 179 టన్నుల లాగుడు వస్తాయి.

అడుగు స్టీల్ సంగతి తేలికే. 179 టన్నులు లాగాలంటే 25 ఎమ్ఎమ్ రాడ్లు 9 కావాలి.

స్ట్రట్ దగ్గరే అసలు పరీక్ష. కింది నోడ్ దగ్గర దాని వెడల్పు పిల్లర్ సైజ్‌ని, అడుగు రాడ్లు పరుచుకున్న ఎత్తుని బట్టి ఉంటుంది. మన బీమ్‌లో ఆ వెడల్పు సుమారు 577 మిల్లీమీటర్లు వస్తుంది. 233 టన్నుల్ని ఆ వెడల్పు, 400 మందం మీద పరిస్తే చదరపు మిల్లీమీటర్‌కి 10.1 న్యూటన్ల ఒత్తిడి. అమెరికా కోడ్ ప్రకారం, పక్కల మెష్ సరిగ్గా ఉంటే, ఈ కాంక్రీట్‌కి పరిమితి దాదాపు 11.5. అంటే పాస్! వెనక్కి లెక్కేస్తే ఒక్కో సపోర్ట్ దగ్గర దాదాపు 170 టన్నుల దాకా ఆగుతుంది.

42.. 123.. 170. బీమ్ మారలేదు. కాంక్రీట్ మారలేదు. మారింది లోపల బరువు ఏ దారిన వెళ్తుందన్న ఊహ ఒక్కటే.

అయితే పెద్ద అంకె వచ్చిన లెక్కే కరెక్ట్ అనుకోవాలా?

అక్కడే జాగ్రత్త పడాలి. మొదటి రెండు లెక్కలు కాంక్రీట్ ఒక్కదాని వాటా చెబుతాయి. రింగుల బలం దానికి అదనం. మూడోది మాత్రం కొన్ని షరతులతో వచ్చే అంకె. షరతులు తప్పితే 170 టన్నులు కాగితం మీదే మిగిలిపోతాయి.

షరతు 1: పక్కల మెష్. నిచ్చెన కాలు చెక్కలా ఒకే మందంతో ఉండదు. కాంక్రీట్‌లో నొక్కుడు మధ్యలో సీసాలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు వల్ల కాంక్రీట్ అడ్డంగా చీలాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది రెండు పక్కలా నిలువుగా, అడ్డంగా కట్టే రాడ్ల వల. అమెరికా కోడ్ ప్రకారం ఒక్కో దిశలో కాంక్రీట్ సైజ్‌లో కనీసం 0.25 శాతం ఉండాలి. మన ఉదాహరణకి రెండు ముఖాల్లోనూ 12 ఎమ్ఎమ్ రాడ్లు 200 మిల్లీమీటర్ల దూరంలో కడితే సరిపోతుంది.

ఆ మెష్ కట్టకపోతే? పాత అమెరికా కోడ్ లెక్కలో 170 కాస్తా 136 టన్నులకి పడిపోతుంది. అంటే కావాల్సిన 150 కంటే తక్కువ. 2019 ఎడిషన్‌లో ఈ రూల్‌ని ఇంకా బిగించారు. దాని ప్రకారం చూస్తే 91 టన్నులకే పరిమితం కావచ్చు. సైట్‌లో ఎవరైనా "ఇది ఊరికే పైపై స్టీల్ కదా, కాస్త దూరంగా కట్టేద్దాం" అంటే దాని ఖరీదు ఇదన్నమాట.

షరతు 2: తాడు ముడి. నిచ్చెన తాడు ఎంత గట్టిదైనా చివర ముడి ఊడితే మనిషి కింద పడతాడు. డీప్ బీమ్‌లో అడుగు రాడ్లు మధ్యలో ఎక్కడా ఆపకూడదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పూర్తిగా వెళ్లాలి. ఎందుకంటే తాడులో బిగువు మధ్యలో ఎంతో చివర్లలోనూ దాదాపు అంతే. సపోర్ట్ ముఖం దాటాక కూడా రాడ్ లోపలికి వెళ్లాలి. మన ఉదాహరణలో 25 ఎమ్ఎమ్ రాడ్‌కి ఆ దూరం లెక్క ప్రకారం సుమారు 900 మిల్లీమీటర్లు. కానీ పిల్లరే 600! నిటారు రాడ్ పట్టదు. అందుకే చివర పైకి వంచి బెండ్ ఇవ్వాలి. డ్రాయింగ్‌లో చిన్న గీతలా కనిపించే ఆ బెండ్ లేకపోతే మొత్తం నిచ్చెనే లేదు.

షరతు 3: రాడ్లు ఎక్కడ పెట్టారు? ఐఎస్ 456 ప్రకారం అడుగు స్టీల్‌ని బీమ్ కింది భాగంలో ఓ నిర్ణీత ఎత్తులోపు పరచాలి. మన బీమ్‌కి ఆ ఎత్తు 350 మిల్లీమీటర్లు. తొమ్మిది రాడ్లనీ ఒకే వరసలో ఇరికిస్తే మధ్యలో కాంక్రీట్ దిగదు. అందుకే రెండు మూడు వరసల్లో పరుస్తారు. అలా పరిస్తే నోడ్ కూడా వెడల్పవుతుంది, స్ట్రట్ మీద ఒత్తిడి తగ్గుతుంది.

షరతు 4: బరువు పైనుంచే పడుతోందా? ఇప్పటిదాకా చెప్పిందంతా బరువు బీమ్ నెత్తిన పడినప్పుడు. అదే స్లాబ్ బీమ్ అడుగున తగిలించి ఉంటే బరువు కింద నుంచి వేలాడుతుంది. అప్పుడు దాన్ని ముందు పైకి లాగే నిలువు రింగులు అదనంగా కావాలి. ఇది కోడ్‌లో స్పష్టంగా ఉంది.

పెద్దదైతే బలం పెరగాలి కదా? ఎప్పుడూ కాదు!

షియర్‌లో ఇంకో తిరకాసు ఉంది. బీమ్ లోతు రెండింతలు చేస్తే బలం రెండింతలు అవుతుందనుకుంటాం. రింగులు, మెష్ లేని కాంక్రీట్‌లో అలా జరగదు. లోతు పెరిగేకొద్దీ పగుళ్లు వెడల్పవుతాయి. పగులు రెండు వైపుల గరుకు ముఖాలు ఒకదాన్నొకటి పట్టుకునే శక్తి తగ్గిపోతుంది. దీన్నే సైజ్ ఎఫెక్ట్ అంటారు. 1967లోనే ప్రొఫెసర్ కానీ దీని మీద హెచ్చరించారు. అంతకుముందే 1955లో అమెరికాలోని ఒహాయోలో ఎయిర్‌ఫోర్స్ గోదాము పైకప్పు బీమ్‌లు షియర్‌లో విరిగి కూలడంతో, అప్పటి లెక్కల్లో లోపం ఉందని ఇంజనీర్లకు అర్థమైంది.

2015లో టొరంటో యూనివర్సిటీ ఏకంగా 4 మీటర్ల లోతున్న కాంక్రీట్ నమూనా పోసి విరగ్గొట్టింది. ముందుగానే ప్రపంచవ్యాప్తంగా ఇంజనీర్లను ఎంత బరువుకి విరుగుతుందో చెప్పమని అడిగింది. వచ్చిన జవాబుల మధ్య తేడా చాలా పెద్దది. అంటే తలపండిన వాళ్లకే ఇది చిక్కు ప్రశ్న.

లెక్క తప్పితే ఏమవుతుంది? రెండు నిజమైన ఘటనలు

నార్వే, 1991 ఆగస్టు 23. సముద్రంలో గ్యాస్ తీసే స్లైప్నర్ ఏ ప్లాట్‌ఫామ్ కోసం కట్టిన భారీ కాంక్రీట్ పునాదిని స్టావాంగర్ దగ్గర లోతైన నీటిలో ముంచుతూ పరీక్షిస్తున్నారు. 24 గదుల్లాంటి నిర్మాణం అది. గదుల గోడలు కలిసే చోట త్రికోణంగా మిగిలిన ఖాళీల్లోకి నీరు చేరి పక్క గోడల్ని నెడుతుంది. కచ్చితంగా చెప్పాలంటే అవి గోడలే. కానీ చిన్న స్పాన్, పెద్ద మందం, భారీ బరువు కాబట్టి పనిచేసేది డీప్ బీమ్‌లాగే. దాదాపు 65 మీటర్ల లోతు దగ్గర ఒక గోడ పగిలింది. నీరు లోపలికి దూసుకొచ్చింది. మొత్తం నిర్మాణం మునిగి అడుగున ముక్కలైంది. ప్రాణనష్టం లేదు. నష్టం మాత్రం సుమారు 70 కోట్ల డాలర్లు.

కారణం ఏంటి? కంప్యూటర్ మోడల్‌లో గోడ మూలల్ని మరీ పెద్ద గడులుగా విడగొట్టారు. దాంతో అక్కడి షియర్ అసలు కంటే 47 శాతం తక్కువగా వచ్చింది. ఆ తక్కువ అంకెకి తగ్గట్టే స్టీల్ పెట్టారు. కీలకమైన చోట రాడ్లు పొట్టిగా ఆగిపోయాయి. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా లెక్క వేస్తే 62 మీటర్ల లోతులోనే పగులుతుందని వచ్చింది. అసలు పగిలింది 65 దగ్గర. లెక్క సరిగ్గా వేస్తే ముందే తెలిసిపోయేదని అర్థం.

కెనడా, 2006 సెప్టెంబర్ 30. క్యూబెక్ రాష్ట్రం లావాల్‌లోని కాంకోర్డ్ ఓవర్‌బ్రిడ్జ్ ఒక్కసారిగా కూలింది. ఐదుగురు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. 1970 నాటి ఆ వంతెనలో మందపాటి స్లాబ్ చివర మీద పక్క స్పాన్ ఆనుకుని ఉంటుంది. సరిగ్గా ఒత్తిడి చెదిరే చోటు. ఆ స్లాబ్‌లో షియర్ స్టీల్ లేదు. అప్పటి కోడ్ దాన్ని తప్పనిసరి చేయలేదు. పైగా చివర్లో బరువుని పైకి లాగాల్సిన రాడ్లు కట్టాల్సిన చోట కట్టలేదు. కాంక్రీట్ నాణ్యతా అంతంతే. 36 ఏళ్లు నిలబడి, ఓ మధ్యాహ్నం పడిపోయింది. కూలడానికి కాసేపటి ముందే కాంక్రీట్ ముక్కలు రాలుతున్నాయని ఫిర్యాదు వస్తే సిబ్బంది వచ్చి చూసి వెళ్లారు. రోడ్డు మాత్రం మూయలేదు.

ఒకచోట లెక్క తప్పింది. ఇంకోచోట డిజైన్, పని రెండూ తప్పాయి. రెండింటిలోనూ విరిగింది షియర్‌లోనే.

ఏఐ చెప్పేస్తుందిగా.. మరి ఇంజనీర్ ఎందుకు?

ఈమధ్య డీప్ బీమ్ బలాన్ని మెషీన్ లెర్నింగ్‌తో అంచనా వేసే పరిశోధనలు జోరుగా సాగుతున్నాయి. ప్రపంచంలోని ల్యాబుల్లో ఇప్పటిదాకా విరగ్గొట్టిన వందల బీమ్‌ల వివరాలు కంప్యూటర్‌కి ఇస్తారు. లోతు, మందం, కాంక్రీట్ బలం, స్టీల్ శాతం, బరువు దూరం.. వీటి మధ్య సంబంధాన్ని అదే పట్టుకుంటుంది. ఫార్ములాల కంటే దగ్గరి జవాబులు వస్తున్నాయని చెప్పే పేపర్లు చాలానే ఉన్నాయి.

కానీ ఇక్కడో మెలిక. ల్యాబుల్లో విరగ్గొట్టిన బీమ్‌లలో ఎక్కువ భాగం చిన్నవి. మిషన్ కింద పట్టాలి కదా! సైట్‌లో వేసేది రెండు, మూడు మీటర్ల లోతు. చూడని సైజ్ గురించి అడిగితే ఏఐ జవాబు ఊహే అవుతుంది. పైగా సైజ్ ఎఫెక్ట్ వల్ల ఆ ఊహ ప్రమాదకరమైన వైపే తప్పే అవకాశం ఉంది. అన్నిటికంటే ముఖ్యం.. ఏఐ ఒక అంకె చెబుతుంది. రాడ్ చివర బెండ్ కొట్టాలని అది చెప్పదు. స్ట్రట్ అండ్ టై పద్ధతి బలం ఏంటంటే అది బరువు వెళ్లే దారిని బొమ్మ గీసి చూపిస్తుంది. ఎక్కడ స్టీల్ కావాలో ఆ బొమ్మే చెబుతుంది. అడ్డదిడ్డంగా వేసిన దారికి తగ్గ స్టీల్ లేకపోతే అక్కడే దొరికిపోతుంది.

ఫ్లాట్‌లో ఉండేవాళ్లు ఏం తెలుసుకోవాలి?

ఈ లెక్కలన్నీ ఇంజనీర్ పని. కానీ కొన్ని విషయాలు ఇంట్లో ఉండేవాళ్లకి కూడా తెలియాలి.

* పార్కింగ్ పైన గోడలా లోతుగా కనిపించే బీమ్‌కి పైపుల కోసం, ఏసీ కోసం, డ్రైనేజీ కోసం రంధ్రాలు వేయించొద్దు. బయటికి ఖాళీ కాంక్రీట్‌లా కనిపించే ఆ భాగంలోనే నిచ్చెన కాలు ఉంటుంది. సపోర్ట్‌కి, బరువుకి మధ్య ఏటవాలు దారిలో ఓ కోర్ కట్టింగ్ పడిందంటే కాలు నరికినట్టే. తప్పనిసరైతే స్ట్రక్చరల్ ఇంజనీర్ రాతపూర్వకంగా ఒప్పుకున్న చోటే వేయాలి.

* పిల్లర్ దగ్గర మొదలై పైకి ఏటవాలుగా పాకే పగులు కనిపిస్తే దాన్ని పుట్టీతో పూడ్చి రంగు కొట్టొద్దు. అన్ని పగుళ్లూ ప్రమాదం కాదు. కానీ ఏది ప్రమాదమో చూసి చెప్పాల్సింది ఇంజనీరే. పగులు పక్కన తేదీ రాసి, కొలిచి ఫోటో తీసి పెట్టుకుంటే పెరుగుతోందో లేదో తెలుస్తుంది. పగులు వెడల్పవుతున్నా, కాంక్రీట్ పెచ్చులు రాలుతున్నా ఆలస్యం చేయకుండా కింద కార్లు, మనుషులు లేకుండా చూసుకోవాలి.

* మధ్యలో గాలిలో మొదలయ్యే పిల్లర్‌ని ఫ్లోటింగ్ కాలమ్ అంటారు. భూకంపాల కోడ్ ఐఎస్ 1893 (2016) భూకంప బలాలు మోసే వ్యవస్థలో ఇలాంటివి వద్దనే అంటోంది. ఫ్లాట్ కొనేముందు ఇలాంటి పిల్లర్లు ఉన్నాయా, వాటి డిజైన్ ఎవరు చేశారని అడగడంలో తప్పేమీ లేదు.

* తర్వాత ఓ అంతస్తు పెంచుదామన్నా, టెర్రస్ మీద వాటర్ ట్యాంకులు పెడదామన్నా ఆ బరువు చివరికి ఈ బీమ్ మీదికే చేరొచ్చు. మన ఉదాహరణలో 150 కావాల్సిన చోట 170 ఉంది. తేడా 20 టన్నులే. బీమ్ సొంత బరువులో సగం కూడా అందులోంచే పోవాలి.

* ఇల్లు కట్టించేవాళ్లైతే డీప్ బీమ్‌కి సెంట్రింగ్ మూసేముందు ఇంజనీర్‌ని పిలిపించి స్టీల్ చూపించాలి. అడుగు రాడ్ల బెండ్ ఉందా, పక్కల మెష్ రెండు ముఖాల్లోనూ ఉందా, కవర్ బ్లాకులు పెట్టారా అన్నది అప్పుడే కనిపిస్తుంది. రాడ్లు కిక్కిరిసిన నోడ్ దగ్గర వైబ్రేటర్ సరిగ్గా దించకపోతే కాంక్రీట్‌లో గుల్లలు మిగులుతాయి. కాంక్రీట్ పోశాక ఇవేవీ కంటికి కనిపించవు.

చివరిగా..

డీప్ బీమ్ బలం ఎంత అన్న ప్రశ్నకి ఒక్క అంకె జవాబు లేదు. బరువు ఏ దారిన దిగుతుంది, ఆ దారిలో కాంక్రీట్ నలగకుండా, తాడు తెగకుండా, ముడి ఊడకుండా చూసుకున్నారా అన్నదే అసలు జవాబు. మన ఉదాహరణలో 170 టన్నులకీ 91 టన్నులకీ మధ్య ఉన్న తేడా వేళ్ల సందు పట్టేంత సన్నటి 12 ఎమ్ఎమ్ రాడ్ల వల మాత్రమే. కాంక్రీట్ పోసే రోజు పొద్దున అది కట్టి ఉందో లేదో సెంట్రింగ్ దగ్గర నిలబడి చూడటానికి పది నిమిషాలు చాలు.